బొమ్మ అడుగున పేరు

డ్యూటీ నుంచి రాగానే ప్రిస్కిల్లా వెనక తలుపు తీసుకుని, వాషింగ్ మెషీన్ పెట్టిన ఇరుకు గదిలో యూనిఫాం విప్పి, అందులోనే వేసేసి, కొక్కేనికి వేలాడే పాత నైటీ తొడుక్కునేది. అక్కణ్ణుంచి ఎవరికీ ఎదురుపడకుండా మెట్లెక్కి స్నానాల గదిలోకి పోవాలి. పైనుంచి అత్తగారు లీలారాణి "అమ్మాయ్, రెయిలింగ్ పట్టుకోమాక" అని హెచ్చరించేది. స్నానమయ్యాక కిందికొచ్చి నలుగురికీ వంట చెయ్యాలి. ఆమె ఒంటిమీద జబ్బు ఉంటుందని భయపడే ఇల్లు ఆమె చేతి వంటకు మాత్రం భయపడేది కాదు. ఈ సంగతి ఆమెకు మొదటి లాక్‌డౌన్‌లోనే తట్టింది కానీ ఎవరితోనూ అనలేదు. అంటే దెప్పినట్టు ఉంటుంది. పైగా, వాళ్లు భయపడటంలో తప్పేముంది అని తనకు తనే చెప్పుకునే అలవాటు కూడా ఉంది.

వాళ్లది ఐర్లండ్‌లోని డ్రోహెడాలో మూడు పడగ్గదుల అద్దె ఇల్లు. భర్త బాలశౌరి సాఫ్ట్‌వేర్ కంపెనీలో సపోర్ట్ చూస్తాడు. కరోనా మొదలైనప్పటి నుంచి ముందుగది అతని ఆఫీసైపోయింది. అటువైపు కుక్కర్ విజిల్ వినబడినా చెయ్యి ఊపి తలుపేసుకునేవాడు. కూతురు హెలెన్ బడి వంటింటి బల్లమీద ల్యాప్‌టాప్‌లో నడిచేది. లీలారాణి గుంటూరులో మిషన్ స్కూల్ టీచరమ్మగా రిటైరైంది. చర్చిలో మనవరాలి కన్ఫర్మేషన్ వేడుక చూసి పోదామని వస్తే, చర్చిలు మూశారు, విమానాలు ఆపారు, ఆవిడ ఇక్కడే చిక్కుకుపోయింది. దాంతో మొగుడూ పెళ్లాలది కావలసిన పెద్ద గది బాలశౌరికీ, మధ్య గది నానమ్మా మనవరాలికీ, సామాన్లు వేసుకునే బాక్స్ రూము ప్రిస్కిల్లాకూ వచ్చాయి. ఆమె ముసలివాళ్ల ఇళ్లకు వెళ్లే కేరర్ కాబట్టి ఆమె విడిగా ఉండాలని ముగ్గురూ అనుకున్నారు. అనుకున్నప్పుడు ఆమె డ్యూటీలో ఉంది.

విడిగా ఉండటం వరకు ఆమెకేమీ అనిపించలేదు. విడి పళ్లెం పెట్టినప్పుడు అనిపించింది. లీలారాణి ఓ స్టీలు పళ్లెం, గ్లాసు తీసి వెనకగది కిటికీ గట్టుమీద పెట్టి, "ఇవి నువ్వే కడుక్కుని నువ్వే పెట్టుకో, ఏమనుకోమాక" అంది. ఈ అత్తగారే పెళ్లైన కొత్తలో తన చిన్ననాటి కథ చెప్పింది. తెనాలి బస్టాండు దగ్గర టీ హోటల్లో తన నాన్నకు గ్లాసు బయట మేకుకు వేలాడేదట. తాగి కడిగి మళ్లీ మేకుకే తగిలించి రావాలట. ఆ కథ చెప్తూ ఆవిడ ఏడ్చింది. ప్రిస్కిల్లా పళ్లెం అందుకుంటూ ఆవిడ ముఖంలోకి చూసింది, ఆవిడకు గుర్తుకొస్తోందేమోనని. ఆవిడ అప్పటికే చేతులకు శానిటైజర్ రాసుకుంటోంది.

బాలశౌరి చెడ్డవాడు కాదు. చెయ్యెత్తలేదు, తాగడు, ఆదివారం మాస్ ఆన్‌లైన్లో వస్తున్నా ఇస్త్రీ చొక్కా వేసుకునే కూర్చుంటాడు. ఆమె అలిసిపోయి వచ్చినప్పుడల్లా ఒకటే మాట అనేవాడు. "నాది ఉద్యోగం, ప్రిస్కిల్లా. నీది సేవ. దేవుడు చూస్తానే ఉంటాడు." ఆ మాట ఆమెకు మొదట్లో గొప్పగానే ఉండేది. సేవ అన్నాక దానికి వేళ, హద్దు, అలసట ఉండవని, ఇంటికొచ్చాక కూడా అదే కొనసాగుతుందని తరువాత్తరువాత అర్థమైంది. ఆమె గుంటూరులో బోటనీ చదివింది, ఏడాదిపాటు జూనియర్ కాలేజీలో పిల్లలకు పాఠం కూడా చెప్పింది. ఐర్లండ్‌కు భార్యగా వచ్చి, కొన్నేళ్లు ఖాళీగా కూర్చుని, ఆ తరువాత కేరర్ కోర్సు చేసింది. బోటనీ గురించి ఇక్కడ ఎవరూ అడగలేదు. అడగని సంగతి చెప్పుకోవడం ఆమెకు రాదు.

రెండో ఏడు జనవరిలో, మళ్లీ అన్నీ మూసేసిన రోజుల్లో, ఏజెన్సీ వాళ్లు ఆమెకు కొత్త ఇల్లు కేటాయించారు. డ్రోహెడా నుంచి డండాక్ పోయే పాత రోడ్డు మీద, పొలాల మధ్య ఒంటరిగా ఉంటుంది. ఆ ఇంటావిడ ఫుమియే అనే జపాన్ మనిషి, డెబ్భై దాటింది. ఐరిష్ భర్త బ్రెండన్ పోయి చాలా కాలమైంది, పిల్లల్లేరు. మంచు గడ్డకట్టిన వాకిట్లో జారిపడి కుడి మణికట్టు విరగ్గొట్టుకుంది. ప్రిస్కిల్లా పొద్దున్నే వెళ్లి ఆవిడకు స్నానం చేయించి, గుండీలు పెట్టి, జుట్టు ముడివేసి, గంజిలాంటి అన్నం వండి రావాలి. రోడ్డుమీద గార్డులు, అంటే ఇక్కడి పోలీసులు, కారాపి ఎక్కడికని అడిగితే మెళ్లోని కార్డు చూపించేది. "గ్రాండ్, మిసెస్, గో ఆన్" అని పంపేవారు.

ఫుమియే తరవాత వెళ్లాల్సిన ముసలాయన్ని ఆ నెలలోనే ఆసుపత్రికి తీసుకుపోయారు. ఆయన తిరిగి రాలేదు. ఆ వేళకు ఏజెన్సీ ఇంకెవర్నీ వెయ్యలేదు, దానికి జీతమూ లేదు. కాఫీ షాపులు మూతపడ్డాయి, పెట్రోలు బంకుల్లో బాత్రూములకు తాళాలు వేశారు. ఇంటికి పోతే మళ్లీ నైటీ, స్నానం, "రెయిలింగ్ పట్టుకోమాక" మొదట్నుంచీ మొదలు. అందుకని ప్రిస్కిల్లా ఫుమియే ఇంటి సందులోనే కారు ఆపుకుని, ఫ్లాస్కులో టీ తాగుతూ, కాళ్లు ముడుచుకుని కూర్చునేది. కొన్నాళ్లు చూసి చూసి ఫుమియే ఒకరోజు కోటు భుజాన వేసుకుని వచ్చి కారు అద్దం మీద తట్టింది. బాత్రూము వాడుకోమని, షెడ్డులో హీటరుందని, తలుపులు బార్లా తీసే ఉంటాయి కాబట్టి భయం లేదని చెప్పింది. తనకు స్నానం చేయించిన మనిషి కార్లో వణుకుతూ కూర్చోవడం తను కిటికీలోంచి చూడలేనంది.

అలా ప్రిస్కిల్లా ఆ షెడ్డులోకి వెళ్లింది. ఒక పక్క బ్రెండన్ వాడిన, కొయ్యను గిరగిరా తిప్పి చెక్కే పెద్ద లేత్ మెషీన్, ఇంకోపక్క గోడ నిండా అరలు. అరల్లో కొయ్యబొమ్మలు బారులు తీరి నిలబడి ఉన్నాయి. గుండ్రటి తల, నడుము దగ్గర కొద్దిగా సన్నబడ్డ ఒళ్లు, ఒంటిమీద ఎర్రటి చామంతులు, సన్నటి కళ్లు, చిటికెడు నోరు. కొకేషి అంటారని ఫుమియే చెప్పింది. ఈశాన్య జపాన్‌లో వేడినీటి ఊటలుండే ఊళ్లలో లేత్ పనివాళ్లు వీటిని చేస్తారు. ఆవిడది అలాంటి ఊరే, నరుకో. చిన్నప్పుడు గుంటూరు ఎగ్జిబిషన్‌లో కొనుక్కున్న లక్కబొమ్మ ప్రిస్కిల్లాకు గుర్తొచ్చింది. కానీ దానికి చేతులు గీసి ఉండేవి. ఈ బొమ్మలకు చేతుల్లేవేం అని అడిగింది.

ఫుమియే కట్టు వేసిన చెయ్యి చూసుకుని, "చేతులుంటే ఎవరో ఒకరు పని చెప్తారు" అంది.

ప్రిస్కిల్లా మాస్కులోనే నవ్వింది. నవ్వు ఆగడానికి చాలాసేపు పట్టింది. కళ్లు తుడుచుకోవడానికి ఫేస్ షీల్డ్ ఎత్తాల్సి వచ్చింది.

షెడ్డు బయట కుండీలో ఆకుల్లేని, కణుపులు కణుపులుగా ఉన్న పచ్చటి కాడలు గుత్తిగా ఉన్నాయి. అవే కాడలు ఎండబెట్టి కట్టలుగా లోపల వేలాడదీశారు. ప్రిస్కిల్లా ఒక కాడ వేళ్ల మధ్య రుద్ది చూసి, ఇది ఈక్విసీటమ్ అంది. దీని కాడలో ఇసుకలాంటి పదార్థం ఉంటుందని, అందుకే గరుకుగా ఉంటుందని చెప్పింది. ఫుమియే ఆమెవంక కొత్తగా చూసింది. తన తాతల కాలం నుంచీ కొయ్యను నునుపు చెయ్యడానికి వాడేది అదేనని, కానీ లోపల ఏముందో తమకెవరికీ తెలియదని, నీకెలా తెలుసని అడిగింది. చాలా ఏళ్ల తరువాత ప్రిస్కిల్లాను ఒకరు అడిగారు. ఆమె తన కాలేజీ గురించి, ల్యాబు గురించి, మైక్రోస్కోపు కింద కాడను అడ్డంగా కోసి పెట్టి పిల్లలకు చూపించడం గురించి చెప్పుకుంటూ పోయింది. అవతలి ఇంటికి ఆలస్యమైంది.

ఫుమియేకు ఒక చిక్కు వచ్చిపడింది. వేసవికి అన్నీ తెరుస్తారని, డండాక్‌లో చిన్న ప్రదర్శన పెట్టుకోమని ఓ గ్యాలరీ వాళ్లు ఆవిణ్ని ముందే అడిగి ఉన్నారు. బొమ్మలకు రంగులు వెయ్యడం ఆవిడకు ఇబ్బంది లేదు. పుట్టుకతో ఎడమచేతి వాటం. అన్నం కుడిచేత్తో తినమని తండ్రి కొట్టి నేర్పాడు గానీ, మూల కూర్చుని కుంచె పట్టేటప్పుడు ఎవరూ చూడకపోవడంతో కుంచె ఎడమ చేతిలోనే ఉండిపోయింది. లేత్ మాత్రం ఒంటిచేత్తో అయ్యే పని కాదు. మొదట సికమోర్ చెట్టు దుంగలు అందించడం, తరువాత ఎండు కాడలతో ఒళ్లు రుద్దడం, ఆ తరువాత మైనం పూయడం, ఇలా ప్రిస్కిల్లా ఒక్కొక్కటీ చేసింది. ఫిబ్రవరిలో ఒకరోజు ఫుమియే కొక్కెంలా వంగిన ఉలిని ఆమె చేతికిచ్చి మెషీను ఆన్ చేసింది.

మొదటి దెబ్బకే ఉలి పట్టేసి, కొయ్యముక్క ఎగిరొచ్చి ఏజెన్సీ ఇచ్చిన ఫేస్ షీల్డ్‌కు తగిలింది. కరోనా కోసం ఇచ్చింది దేనికో పనికొచ్చిందంది ఫుమియే. రెండోసారీ అంతే. ఆవిడ వెనకాల దూరంగా నిలబడి, "మనుషుల్ని ఎత్తే చేతులు. బలం చాలా ఉంది. ఇప్పుడు దాన్ని తగ్గించడం నేర్చుకో" అంది. కొన్నాళ్లకు ఉలి తేలిగ్గా ఆనించడం తెలిసింది. ఆనించగానే తెల్లటి కొయ్య పొర రిబ్బన్‌లా లేచి మోచేతి మీదుగా జారేది. ఆ కొద్దిసేపట్లో ఎవరూ ఆమెను పిలవరు. ఇంట్లో ఆమె పేరు రోజంతా ఎవరి నోట్లోనో ఒకరి నోట్లో ఉంటుంది, కానీ అది ఆమె కోసం కాదు, టీ కోసం, సాక్సుల కోసం, వైఫై ఎందుకు రావడం లేదో కనుక్కోవడం కోసం. ఇక్కడ తిరిగే కొయ్య మీద గీత ఎక్కడ లోతవ్వాలో, ఎక్కడ ఆగాలో తప్ప ఆమె ఇంకేమీ చూసుకోనక్కర్లేదు. నిద్రపోయేటప్పుడు కూడా తలలో రేపటి కూరో, హెలెన్ హోంవర్కో తిరుగుతూ ఉండే మనిషికి, తల ఖాళీగా ఉండి చేతులు మాత్రం కదలడం ఎలా ఉంటుందో తెలిసొచ్చింది. ఇది సుఖమా, స్వార్థమా అని ఇంటికెళ్లే దారిలో ఆలోచించేది. గార్డులు కారు ఆపేసరికి ఆ ఆలోచన సగంలో తెగిపోయేది.

ఫుమియే పని చూపిస్తూనే తన సంగతి ముక్కలు ముక్కలుగా చెప్పింది. తండ్రి ఊళ్లో పేరున్న బొమ్మలవాడు. ఆయన లేత్ తిప్పేవాడు. తల్లీ తనూ ముఖాలు దిద్దేవారు. ఆ ముఖాల కోసమే టోక్యో నుంచి మనుషులొచ్చి కొనుక్కుపోయేవారు. బొమ్మ అడుగున చేసినవాళ్ల పేరు రాయడం ఆచారం. తండ్రి బ్రష్షు తీసుకుని తన పేరు రాసేవాడు. తల్లి చనిపోయేదాకా ఏ బొమ్మ అడుగునా ఆమె పేరు లేదు. తండ్రి పోయాక లేత్ తమ్ముడికి వెళ్లింది, పేరు తమ్ముడిదైంది, ముఖాలు మాత్రం ఫుమియే దిద్దుతూనే ఉంది. తరువాత బ్రెండన్‌తో ఇక్కడికి వచ్చేసింది. యాభై దాటాక ఈ షెడ్డులో మొదటి బొమ్మ తనే తిప్పి, తనే దిద్ది, అడుగున తన పేరు రాసుకుంది. ఇదంతా వంట చేసే విధానం చెప్పినంత మామూలుగా చెప్పింది.

మార్చిలో కేరర్లకు రెండో టీకా పడింది. మర్నాడు చూస్తే కిటికీ గట్టు మీది స్టీలు పళ్లెం వంటింటి అలమారలో, ఇక్కడివాళ్లు ప్రెస్ అనే దాన్లో, మిగతా పళ్లేలతో కలిసిపోయి ఉంది. ఎవరు పెట్టారో ఎవరూ చెప్పలేదు. లీలారాణి ఆ రోజు ఆమెకు తన చేత్తో అన్నం వడ్డించింది. వడ్డించి, పక్కనే కూర్చుంది.

ఆ వారమే షెడ్డులో ప్రిస్కిల్లా తిప్పిన ఒళ్లు మొదటిసారి ఫుమియేకు నచ్చింది. నరుకో బొమ్మకు తల అమర్చడం ఓ విద్య. ఒంటిని లేత్ మీద తిప్పుతూ తలను గట్టిగా అదిమిపడితే, రాపిడికి వేడెక్కి అది కంతలోకి దిగి కూర్చుంటుంది. ఇక ఊడిరాదు. మెడ తిప్పితే కీచుమని చిన్న శబ్దం చేస్తుంది. ప్రిస్కిల్లా అదిమింది, ఫుమియే ఎడమ చెయ్యి ఆసరా ఇచ్చింది. తల దిగింది. తిప్పి చూస్తే పిట్టపిల్లలా కూసింది. ఆ తరువాత అలాంటివి ఒక అర నిండాయి. ఫుమియే వాటికి చామంతులు వేసింది, ముఖాలు దిద్దింది.

ఓ పొద్దున మైనం పూస్తుండగా ప్రిస్కిల్లా ఒక బొమ్మను తిరగేసింది. అడుగున నల్లటి సిరాతో ఫుమియే పేరు ఉంది. ఇంకొకటి తిరగేసింది, ఇంకొకటి. అన్నిటికీ అదే. అందులో వింతేమీ లేదు. బొమ్మలు ఆవిడవి, కొయ్య ఆవిడది, లేత్ ఆవిడది, విద్య ఆవిడది. తను గంటసేపు ఖాళీగా ఉండి సాయం చేసిన మనిషి. అయినా గొంతులో ఏదో దిగింది. ఆ దిగేదేమిటో ఆమెకు బాగా తెలుసు. ఆడపడుచు పెళ్లిలో వారం రోజులు వంటింట్లో నిలబడి, ఫోటోలకు రమ్మని ఎవరూ పిలవనప్పుడు దిగింది. హెలెన్‌కు ఐరిష్ భాషలో మంచి మార్కులొస్తే "మా బుర్ర వచ్చింది" అని బాలశౌరి అన్నప్పుడు దిగింది. మింగేస్తే పోతుంది. ఈసారీ మింగింది. ఏజెన్సీ పంపిన కేరర్ ఒక క్లయింటుతో పేరు గురించి అడగడమేమిటి అనుకుంది.

ఈస్టరుకు తెలుగు కుటుంబాలన్నీ జూమ్‌లో కలిశాయి. డ్రోహెడావాళ్లు, డండాక్‌వాళ్లు, పోర్ట్‌లీష్ నుంచి డాక్టర్ల కుటుంబం ఒకటి. ఎవరింట్లో ఏం వండారో చూపించుకుంటున్నారు. బాలశౌరి మటన్ బిర్యానీ గిన్నె కెమెరా ముందుకు ఎత్తి, లాక్‌డౌన్‌లో తను వంట నేర్చేసుకున్నానని, దమ్ పెట్టింది తనేనని చెప్పాడు. దమ్ పెట్టడమంటే మూత వెయ్యడం. అందరూ చప్పట్లు కొట్టారు. డాక్టరుగారి భార్య, అదృష్టవంతురాలివి ప్రిస్కిల్లా అంది. ప్రిస్కిల్లా కెమెరాకు కనపడని చోట చికెన్ వేపుతూ, "అవునండీ" అంది. నూనె చిటపటల్లో తన గొంతు తనకే వినబడలేదు. అప్పుడామెకు ఒక్కసారిగా తెలిసింది, ఈ గిన్నె విషయం ఇప్పుడు అడగలేకపోతే, ఇంకెప్పుడూ అడగలేకపోతే, కనీసం ఆ బొమ్మల విషయం అడగాలని. బయటివాళ్లతో తేలిక అనుకుంది.

తేలిక కాలేదు. సోమవారం ఫుమియేకు గుండీలు పెడుతూ, జుట్టు ముడివేస్తూ, మూడుసార్లు నోరు తెరిచి మూసుకుంది. షెడ్డులోకి వెళ్లాక బొమ్మను చేతిలోకి తీసుకుని, తిరగేసి బల్లమీద పడుకోబెట్టింది.

"దీని ఒళ్లు నేను తిప్పాను" అంది. తన ఇంగ్లీషు తనకే కటువుగా వినబడింది.

ఫుమియే కుంచె కడిగి, ఆరబెట్టి, అప్పుడు తలెత్తింది. "నేర్చుకునేవాళ్లు పేరు రాయరు. మా పనిలో అదే పద్ధతి."

"నేర్చుకునేదాన్నని మీరెప్పుడూ చెప్పలేదు. నేను మీ కేరర్ని అనుకున్నాను. కేరర్‌గా అయితే ఈ పని నేను చెయ్యక్కర్లేదు."

అన్నాక ఆవిడ ఏజెన్సీకి ఫోన్ చేస్తుందేమో, ఉద్యోగం పోతుందేమో అనిపించింది. ఫుమియే ఆ బొమ్మను తీసుకుని అడుగున ఉన్న పేరు మీద వేలు రాసింది. తరువాత మెల్లగా, లేత్ ఎవరిదో పేరు వాళ్లదే అని మా నాన్న అనేవాడు అంది. ఆ మాటనే తను నోటితో అనకుండా చేత్తో చేశానంది. క్షమించమని అడగలేదు. ఆ బొమ్మల్ని ప్రదర్శనలో పెడితే పక్కన ఇద్దరి పేర్లూ ఉంటాయని చెప్పింది.

"కానీ అడుగున రాసే పేరు వేరు" అంది. "దుంగ కొయ్యడం దగ్గర్నుంచి ముఖం దాకా ఒక చేతిదైతేనే రాయాలి. నా పేరూ ఇప్పుడు అక్కడ ఉండకూడదు. నువ్వు నిజంగా నేర్చుకుంటావా? ముఖం అన్నిటికంటే ఆలస్యంగా వస్తుంది. ఏళ్లు పడుతుంది. నాకు ఓపిక తక్కువ, నువ్వు ఏడవకూడదు."

ప్రిస్కిల్లా నేర్చుకుంటానంది. చేతులకంటిన మైనం తుడుచుకోకుండానే వెళ్లి కారు స్టీరింగ్ పట్టుకుంది.

ఏప్రిల్ సగమయ్యేసరికి ఇండియా నుంచి వచ్చే ఫోన్లకు ఇల్లు ఉలిక్కిపడటం మొదలైంది. గుంటూరులో బాలశౌరి బాబాయి రాబర్ట్‌కు ఆక్సిజన్ మంచం దొరకలేదు. ఆసుపత్రి వరండాలో కుర్చీలోనే పోయాడు. సమాధి చెయ్యడం ఫోన్‌లో చూశారు. ప్లాస్టిక్ సూట్లు వేసుకున్న నలుగురు పెట్టెను దించేశారు, ఫాదర్ దూరంనుంచే ప్రార్థన చదివారు. తండ్రి లేని బాలశౌరిని పెంచింది ఆ బాబాయే. అతను ల్యాప్‌టాప్ మూసేసి గోడకేసి చూస్తూ కూర్చున్నాడు. లీలారాణి మంచం దిగలేదు. ఆ వారమంతా ప్రిస్కిల్లా ఇద్దరికీ అన్నం కలిపి నోటికందించింది. డ్యూటీకి వెళ్తుంటే బాలశౌరి తలుపు దగ్గర నిలబడి, ఆ జపాన్ ఆవిడ ఇంట్లో అంతసేపు ఎందుకు, పని చూసుకుని వచ్చెయ్యొచ్చుగా అన్నాడు. తలుపులు తీసే ఉంటాయని, టీకా వేసుకున్నానని ఆమె చెప్పింది. అతను విన్నట్టే అనిపించింది.

ఆ తరువాతి సోమవారం ఫోన్లో వచ్చిన డ్యూటీల్లో ఫుమియే పేరు లేదు. ఇంకో వైపు వేశారు, ఊళ్లోనే. పొరపాటేమోనని కోఆర్డినేటర్‌కు ఫోన్ చేసింది. ఆ అమ్మాయి చాలా దయగా మాట్లాడింది. మీ ఇంట్లో జరిగింది విన్నాం, బాధగా ఉంది, అందుకే మార్చాం అంది. ఎవరు చెప్పారని ప్రిస్కిల్లా అడిగితే, ఆ అమ్మాయి, మీకు తెలుసనుకున్నానంది.

వంటింట్లో హెలెన్ ల్యాప్‌టాప్ ముందు కూర్చుని ఉంది. తల తిప్పకుండానే, "డాడ్ ర్యాంగ్ దెమ్, మామ్. ఐ హర్డ్ హిమ్, లైక్. హి వాజ్ క్రయింగ్" అంది.

అదే ఆమెను ఎటూ కాకుండా చేసింది. ఏడ్చిన మనిషి మీద కోప్పడటం ఎలా? బియ్యం కడిగి పొయ్యి మీద పెట్టి, ముందుగదిలోకి వెళ్లింది. ఏజెన్సీకి ఎందుకు ఫోన్ చేశారని మామూలు గొంతుతోనే అడిగింది.

"నీ కోసమే. బాబాయి ఎట్టా పోయాడో చూశావుగా" అన్నాడు బాలశౌరి. కళ్లు ఎర్రగానే ఉన్నాయి.

"నన్ను ఒక మాట అడగాల్సింది."

"అడిగితే వద్దంటావుగా."

అతను తప్పు ఒప్పుకున్నట్టో, దబాయించినట్టో అనలేదు. తెలిసిన విషయం చెప్పినట్టు అన్నాడు. ప్రిస్కిల్లా వెనక్కి వచ్చి అన్నం దించింది. ఆ మాట రోజుల తరబడి ఆమె వెంట తిరిగింది. వేరే ముసలివాళ్లకు స్నానం చేయిస్తున్నప్పుడు, మందులు మింగిస్తున్నప్పుడు, కూరలు తరుగుతున్నప్పుడు. ఇన్నాళ్లూ అతనికి తన ఇష్టం తెలియదనుకుంది. మగవాడు, గమనించడు, చెప్తే తెలుస్తుంది అని సర్దిచెప్పుకుంది. నిజానికి అతనికి తెలుసు. ఆమెకు ఏం కావాలో, ఏం వద్దో స్పష్టంగా తెలుసు కాబట్టే అడగడు. అడగకపోతే ఆమె వద్దనే అవకాశం రాదు. బాక్స్ రూము విషయమూ అంతే, కన్ఫర్మేషన్‌కు అత్తగారిని పిలవడమూ అంతే, కాలేజీ ఉద్యోగం వదిలి రావడమూ అంతే. ఆమె ఒక్కోటీ వెనక్కి వెళ్లి చూసుకుంది. కోపం వస్తుందని ఎదురుచూసింది. వచ్చింది గానీ అనుకున్నంత పెద్దది కాదు. దానికంటే పెద్దది ఇంకొకటి వచ్చింది. ఇంక అతనికి తెలియజెప్పాల్సిన పని తనకు లేదన్న నిశ్చింత.

ఫుమియేకు ఫోన్ చెయ్యడానికి కొంత ధైర్యం కూడదీసుకోవాల్సి వచ్చింది. ఆవిడ వెంటనే ఎత్తింది. కొత్త కేరర్ మంచి పిల్లే గానీ జుట్టు సరిగా ముడివెయ్యదంది. కట్టు విప్పేశారట, లేత్ దగ్గర కాస్సేపు నిలబడగలుగుతోందట. ప్రిస్కిల్లా జరిగింది చెప్పబోతే ఆవిడ అడ్డుపడింది.

"ఏజెన్సీ నిన్ను తీసేసింది. మంచిదే. ఇప్పుడు నేను నీ క్లయింటును కాను. నా చెయ్యి బాగుపడింది కాబట్టి, నువ్వు వస్తే నాకు సాయం కాదు, పని పెరుగుతుంది" అంది. "ఎప్పుడొస్తావు?"

మే నెలలో రోడ్లు తెరిచారు. గార్డులు చెక్‌పోస్టులు ఎత్తేశారు. మొదటి శనివారం పొద్దున ప్రిస్కిల్లా యూనిఫాం కాకుండా నీలంరంగు చుడీదార్ వేసుకుని, జుట్టు బిగించి కట్టుకుని కిందికొచ్చింది. శనివారం బాలశౌరికి సెలవు. ఆ రోజు దోసెలు, మధ్యాహ్నం కోడికూర ఆనవాయితీ. అతను బల్ల దగ్గర ఫోన్ చూసుకుంటున్నాడు. రాబర్ట్ పోయాక లీలారాణి తొలిసారి కిందికొచ్చి, ఎండ పడేచోట కుర్చీ వేసుకుని కూర్చుంది. హెలెన్ ఇంకా లేవలేదు.

"ఇవాళ్టి నుంచి శనివారాలు ఫుమియే గారింటికి వెళ్తున్నాను. బొమ్మల పని నేర్చుకుంటున్నా. సాయంత్రం వస్తాను" అంది ప్రిస్కిల్లా. "దోసెల పిండి రుబ్బలేదు. బియ్యం, పప్పు ప్రెస్‌లో ఉన్నాయి."

బాలశౌరి ఫోన్ దించాడు. పెళ్లైన పదిహేనేళ్లలో ఆమె అతనితో ఇలాంటి మాటలు చాలానే అని ఉంటుంది. వెళ్లనా, కొననా, అమ్మకు ఫోన్ చెయ్యనా, ఈ ఒక్కరోజు పడుకోనా. అన్నిటికీ చివర అతను జవాబు చెప్పడానికి కాస్త చోటుండేది. ఇప్పుడా చోటు కోసం అతను ఆమె ముఖంలో వెతుకుతున్నట్టు చూశాడు. లీలారాణి కోడల్ని, కొడుకుని మార్చి మార్చి చూసి, ప్రెస్ దగ్గరికి పోయి బియ్యం డబ్బా తీసి కొడుకు ముందు పెట్టింది.

"ఏంది ప్రిస్కిల్లా" అన్నాడు బాలశౌరి, కోపంగా కాదు, నిజంగానే తెలుసుకోవాలన్నట్టు. "అడుగుతున్నావా, చెప్తున్నావా?"

ఆమె కారు తాళాలు తీసుకుంది.

"చెప్తున్నానండీ" అంది.